ఒక మాసం, ఏడు పుస్తకాలు

పుస్తకం హస్తభూషణమన్నారు పెద్దలు. ఆ మాటను అక్షరాలా నమ్మి పుస్తకాన్ని చేతికి ఆభరణంగానే ఉంచుకొనేవారు కొందరు. తెరచి చదివేవారు కొందరు. చదివేవారిలో మళ్ళీ రెండు తెగలున్నాయి. ఒకే జాతి గ్రంథాలను ఏళ్ళ తరబడి చదివేవారు మొదటి తెగ. నవలాప్రియులు నవలలే చదువుతారు. పద్యం రుచి మరిగినవారు వచనాన్ని గడప దాటనివ్వరు. చరిత్రాభిమానులకు కథలంటే ఉత్త కాలక్షేపం. రెండవ తెగవారు దొరికినదల్లా చదువుతారు. మొదటివారికి పాండిత్యం అబ్బుతుందనీ, రెండవవారికి అజీర్తి చేస్తుందనీ లోకంలో ఒక అభిప్రాయమున్నది.

ఆ అభిప్రాయం నాకు సమ్మతం కాదు. గడచిన మాసంలో ఏడు భిన్న జాతుల పుస్తకాలను బుద్ధిపూర్వకంగా పక్కపక్కన పెట్టుకొని చదివాను. ఒక యాత్రాచరిత్ర, ఒక సందేశకావ్యం, ఒక సాంఘిక చరిత్ర, ఒక నిఘంటువు, ఒక నాటకం, ఒక అపరాధ పరిశోధక నవల, ఒక అనువాదం. విడివిడిగా చదివితే ఒక్కొక్కటీ తన కథ తాను చెప్పి ఊరుకొనేది. కలిపి చదివినప్పుడు అవి ఒకదానినొకటి ప్రశ్నించాయి. కొన్ని చోట్ల పోట్లాడుకొన్నాయి కూడా. ఆ సంవాదం మధ్య కూర్చున్న చదువరికి తనదంటూ ఒక అభిప్రాయం ఏర్పడక తప్పదు. నేటి మన బడులలో అన్నింటికన్న కొరతగా ఉన్న వస్తువు ఈ సొంత అభిప్రాయమే. కనుక ఆ ఏడు పుస్తకాలను గురించి నాకు తోచిన నాలుగు మాటలు ఉపాధ్యాయ మిత్రుల ముందూ, విద్యార్థుల ముందూ ఉంచుతున్నాను.

మొదట చదివినది ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణంలోని సుప్రీముకోర్టులో దుబాసీగా పనిచేసిన ఉద్యోగి. 1830 మే 18వ తేదీన పరివారంతో బయలుదేరి హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూచుకొని, మన కోస్తా జిల్లాల మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైబడిన ప్రయాణం. మన దేశంలో ప్రయాణికుల రైలు నడవడం 1853లో మొదలైంది. కనుక ఆ దూరమంతా పల్లకీల మీద, కాలినడకన, పడవల మీద సాగవలసిందే. దారిలో చూచినదంతా ఆయన తన మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి వ్రాస్తూ వచ్చారు. వీరాస్వామయ్యగారు 1836లో మరణించిన తరువాత, 1838లో, శ్రీనివాసపిళ్ళెగారే ఆ గ్రంథాన్ని అచ్చువేయించారు.

శైలీ సౌందర్యం కోసం ఈ పుస్తకం తెరచేవారికి ఆశాభంగం కలుగుతుంది. వాక్యాలు దీర్ఘాలు, కచేరీ మాటలు, తురక మాటలు, ఇంగ్లీషు మాటలు సంకోచం లేకుండా వచ్చి కూర్చుంటాయి. అయినా నాకు ఈ గ్రంథం అత్యంత ప్రీతిపాత్రమైంది. గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమానికి దాదాపు ఎనభై ఏళ్ళ ముందే ఒక తెలుగు ఉద్యోగి తాను మాట్లాడే భాషలో, తాను చూచినదానిని చూచినట్లు వ్రాశాడు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఏ దారిలో దినుసులు దొరుకుతాయి, ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని ఆమడల దూరం అన్నవి ఆయనకు ముఖ్యం. దేవాలయాన్ని వర్ణించే కలమే దారిలోని బురదను కూడా వర్ణిస్తుంది. విద్యార్థులకు వ్యాసరచన నేర్పేటప్పుడు వసంత ఋతువును వర్ణించమనడం మన ఆచారం. దానికి బదులు ఇంటి నుంచి బడి వరకు గల దారిని వీరాస్వామయ్యగారి పద్ధతిలో వ్రాయమంటే, పిల్లవాడు మొదటిసారి ఆ దారిని నిజంగా చూస్తాడు.

ఇంత మెచ్చుకొన్న తరువాత ఒక లోటు కూడా చెప్పాలి. లోకాన్ని ఆయన పల్లకీలో కూర్చుని చూశారు. ఆ పల్లకీని మోసిన బోయీలు కూడా అదే దారిన నడచి అదే కాశీ చేరారు. ఏ ఆమడ ఎంత పొడవో వారి భుజాలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వారిలో ఎవరూ యాత్రాచరిత్ర వ్రాయలేదు. వ్రాసి ఉంటే అది వేరొక గ్రంథమయ్యేది.

ఆ వేరొక గ్రంథం ఎట్లా ఉండేదో ఊహించుకొంటూ నేను జాషువాగారి ‘గబ్బిలం’ తెరిచాను. కాళిదాసు యక్షుడు తన ప్రియురాలికి మేఘంతో సందేశం పంపాడు. ఆ కావ్యరూపాన్నే తీసికొని 1941లో జాషువాగారు దాని అంతరార్థాన్ని తలకిందులు చేశారు. ఇక్కడ సందేశం పంపేవాడు యక్షుడు కాడు, అస్పృశ్యుడని ఊరు వెలివేసిన పేదవాడు, అందుకొనవలసినవాడు సాక్షాత్తు శివుడు, దూత గబ్బిలం. మేఘానికీ హంసకూ గల కావ్యగౌరవం గబ్బిలానికి లేదు. అది అపశకునపు పక్షి. కాని గుడిలోనికి దానికి అడ్డులేదు. గర్భాలయంలో వేలాడుతూ దేవుని చెవిలో ఒక మాట చెప్పగల స్వాతంత్ర్యం దానికున్నది, మనిషికి లేదు. ఇంతకంటె పదునైన కల్పన ఆధునికాంధ్ర కవిత్వంలో అరుదు.

‘కాశీయాత్ర చరిత్ర’ చదివి ముగించిన చేతితోనే దీనిని తెరవడం వల్ల నాకు ఒక విషయం స్ఫురించింది. వీరాస్వామయ్యగారి యాత్రకూ ఈ కావ్యానికీ మధ్య నూటపది సంవత్సరాలు గడిచాయి. ఒకదానిలో పరివారంతో వెళ్ళిన పెద్దమనిషికి ప్రతి క్షేత్రంలోనూ దర్శనం లభించింది. రెండవదానిలో గుమ్మం దాటలేని మనిషి తన మొరను ఎగిరే ప్రాణికి అప్పగించాడు. యాత్రాచరిత్ర అసత్యం చెప్పలేదు. అయితే అది చెప్పిన సత్యానికి హద్దు ఎక్కడున్నదో ‘గబ్బిలం’ చదివితే కాని తెలియదు. అట్లే జాషువాగారి పద్యాల ధారకు ముగ్ధులై తల ఊపి ఊరుకొనేవారికి ఆ ధార కింద ప్రవహించే వేదన ఎంత పాతదో యాత్రాచరిత్ర వంటి వచనం చెబుతుంది. జాషువాగారు ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు. ఆయన కావ్యాన్ని పాఠంగా చెప్పే ఉపాధ్యాయులు ఛందస్సు వద్దనే ఆగిపోకుండా ఉండడం ఆయనకు మనం చేయగల కనీస గౌరవం.

మూడవది సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1949లో వెలువడిన ఈ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. తెలుగులో ఆ గౌరవం పొందిన మొదటి పుస్తకం ఇదే. రాజుల పట్టాభిషేకాలు, యుద్ధాల తేదీలు చరిత్ర అనుకొనేవారికి ఈ గ్రంథం కనువిప్పు. ప్రజలు ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలాడారు, దేనిని నమ్మారు, దేనికి భయపడ్డారు అన్నవి ఇందులోని ప్రశ్నలు. వాటికి సమాధానాలను ఆయన ఎక్కువగా కావ్యాలలో వెదికారు. ఓరుగల్లు వీధులను తెలుసుకొనడానికి ‘క్రీడాభిరామం’ సాక్ష్యం. విజయనగర కాలపు పల్లె బ్రతుకుకు ‘ఆముక్తమాల్యద’ సాక్ష్యం. పండితులు అలంకారాల కోసం తవ్విన గనిలోనే ఈయన అన్నం, బట్ట, జాతర తవ్వి తీశారు.

కవి చెప్పినదంతా సాక్ష్యమవుతుందా అని ఏ చురుకైన విద్యార్థి అయినా ఇక్కడ అడగాలి. కవి అతిశయోక్తి చెబుతాడు. తనకు ముందున్న కవిని అనుసరిస్తాడు. చూడని నగరాన్ని కూడా వర్ణిస్తాడు. కనుక కావ్యసాక్ష్యాన్ని శాసనాలతో, యాత్రికుల వ్రాతలతో సరిచూడడం అవసరం. ప్రతాపరెడ్డిగారి తీర్పులలో కొన్ని నాకు మరీ తీవ్రంగా తోచాయి. కాని ఆ తీవ్రతను నేను తప్పుపట్టను, ఎందుకంటే ఆయన తన ఆధారాన్ని మన ముందే పెట్టి తీర్పు చెబుతారు. కాదనదలచినవాడు ఆ ఆధారాన్నే పట్టుకొని కాదనవచ్చు. ఆధారాలతో వాదించడం ఆయన స్వభావం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకరన్నప్పుడు ఆయన కోపంతో జవాబు వ్రాసి ఊరుకొనలేదు. 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’గా ప్రకటించారు. అభిప్రాయానికి ఆధారంతో ఎట్లా బదులు చెప్పాలో నేర్పడానికి ఇంతకంటె మంచి పాఠం లేదు.

ఈ మూడు గ్రంథాలు చదువుతున్నంతకాలం నా పక్కన బ్రౌను నిఘంటువు ఉన్నది. నిఘంటువును అవసరానికి తెరిచి మూసేవారే కాని చదివేవారు తక్కువ. నేను రోజుకు ఒకటి రెండు పుటల చొప్పున చదివాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌనుగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. పరభాషల నుంచి వచ్చి వాడుకలో కుదురుకొన్న మాటల కోసం ఆయన ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును కూడా కూర్చారు. 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యులవారి ‘శబ్దరత్నాకరం’ కావ్యభాషకు పెట్టని కోట. రెండింటినీ పక్కపక్కన చూచినప్పుడు నిఘంటుకర్తకు కూడా అభిప్రాయాలుంటాయని తెలుస్తుంది. ఏ మాటను లోనికి రానివ్వాలి, ఏ మాటను గుమ్మం బయట నిలబెట్టాలి అన్నది కూడా ఒక తీర్పే. ‘ఆమడ’ అన్న మాట నేడు మన పిల్లలకు సామెతలలో తప్ప వినబడదు. అది దాదాపు ఎనిమిది, పది మైళ్ళ దూరమని తెలిసిన విద్యార్థికి వీరాస్వామయ్యగారి ప్రయాణం ఒక్కసారిగా కాళ్ళ నొప్పులతో సహా అర్థమవుతుంది.

ఐదవది ‘కన్యాశుల్కం’. ఈ నాటకాన్ని గురించి చెప్పడానికి కొత్త మాట మిగిలిందా అనుకొనవచ్చు. ఉపాధ్యాయుడు చదివినప్పుడు మిగిలే ఉన్నది. మనమంతా గిరీశాన్ని చూచి నవ్వుతాము, మధురవాణిని మెచ్చుకొంటాము, అగ్నిహోత్రావధానుల కోపాన్ని అనుకరిస్తాము. వెంకటేశాన్ని మాత్రం ఎవరూ పట్టించుకొనరు. ఈసారి నేను నాటకాన్ని వెంకటేశం పక్షాన చదివాను. అతడు విద్యార్థి. పరీక్ష తప్పి, తోడు గురువును వెంటబెట్టుకొని సెలవులకు ఇంటికి వస్తాడు. ఇంట్లోవారు ముచ్చటపడి ఇంగ్లీషులో మాట్లాడమంటే గురుశిష్యులిద్దరూ కంఠస్థం చేసిన ముక్కలను పొంతన లేకుండా వల్లించి మెప్పు పొందుతారు. సభలో ఈ రంగానికి నవ్వనివారుండరు. నాకు మాత్రం నవ్వుతోపాటు కొంత భయం కూడా కలిగింది. గురువు ఆడంబరం నేర్పితే శిష్యుడు అదే చదువనుకొంటాడు. ఇంట్లోవారు దానికే మురిసిపోతారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన ఈ నాటకంలోని ఆ రంగం మన పాఠశాలల వార్షికోత్సవాలలో నేటికీ వేరు వేరు వేషాలలో కనిపిస్తూనే ఉన్నది.

విద్యార్థులు గమనించదగినది మరొకటి కూడా ఉన్నది. గురజాడ అప్పారావుగారు 1897లో ఈ నాటకాన్ని అచ్చువేశారు. అంతటితో తృప్తిపడలేదు. చాలా భాగం తిరగవ్రాసి, పెంచి, 1909లో రెండవ కూర్పును ప్రకటించారు. నేడు మనం చదువుతున్నది ఆ రెండవ రూపం. గురజాడవంటివాడే పన్నెండేళ్ళ తరువాత తన రచనను తిరిగి పట్టాలెక్కించవలసి వచ్చిందని తెలిస్తే, వ్యాసాన్ని మరొక్కసారి వ్రాయమన్నందుకు ఏ విద్యార్థీ ముఖం ముడుచుకొనడు.

వెంకటేశాన్ని తలచుకొంటూనే నేను ఈ మాసంలో మరొక అచ్చుకాగితాల కట్టను కూడా చూడవలసి వచ్చింది. అది పరీక్షలకు ఉపయోగించే గైడు. దానిని పుస్తకాల లెక్కలో చేర్చలేదు. పేరు చెప్పనవసరమూ లేదు, ఇట్టివన్నీ ఒకే అచ్చున పోసినట్లుంటాయి. ‘గబ్బిలం’ పాఠం కింద కవి హృదయాన్ని వరుస సంఖ్యలు వేసి నాలుగు ముక్కలుగా ముద్రించారు. ‘ఈ పాఠంపై నీ అభిప్రాయం వ్రాయుము’ అన్న ప్రశ్నకు కూడా సమాధానం సిద్ధంగా ఉన్నది. నీ అభిప్రాయమంటూ ప్రశ్న. దానికి వేరెవరో వ్రాసిన జవాబు. ఆ జవాబును వేలాది విద్యార్థులు ఒకే మాటలతో అప్పజెప్పడం. వెంకటేశం ఇంగ్లీషుకూ దీనికీ భేదమేమిటో నాకు బోధపడలేదు. అక్షర దోషాలున్నా, ఆలోచన కుంటుపడినా పిల్లవాడి సొంత వాక్యానికి రెండు మార్కులెక్కువ వేసే ధైర్యం మనకుంటే ఆ గైడుకు గిరాకీ తగ్గుతుంది.

గైడు సమాధానాన్ని ముందే చెబుతుంది. అపరాధ పరిశోధక నవల చివరిదాకా దాచి ఉంచుతుంది. అందువల్ల ఆ వెంటనే కొమ్మూరి సాంబశివరావుగారి నవల ఒకటి చదవడం నాకు ఔషధంలా పనిచేసింది. డిటెక్టివు యుగంధరు, ఆయన సహాయకుడు రాజు ఒకప్పుడు మన యువకులకు ఇంటి మనుషులంత పరిచితులు. ఇట్టి పుస్తకాన్ని పాఠ్యగ్రంథం చాటున పెట్టుకొని చదివిన విద్యార్థిని మన ఉపాధ్యాయ లోకం ఎన్నడూ క్షమించలేదు. నా అభిప్రాయం వేరు. ఈ నవలలలో పాత్రలకు లోతు తక్కువ. వాక్యాలలో రసం తక్కువ. చదివిన మర్నాటికి కథ మరచిపోతాము. కాని చదువుతున్నంతసేపు ప్రతి సాక్షినీ అనుమానిస్తాము, ప్రతి చిన్న వివరాన్నీ గుర్తుపెట్టుకొంటాము, తొందరపడి తీర్పు చెప్పము. సురవరంవారి చరిత్రను చదవడానికి కావలసిన మెలకువ కూడా ఇదే. కనుక విద్యార్థి చేతినుంచి ఆ నవలను లాక్కొనడం కంటె, ఆ అనుమానించే అలవాటును ‘క్రీడాభిరామం’ వైపు మళ్ళించడం ఉపాధ్యాయునికి తగిన పని.

చివరిది ‘రైలుబడి’. జపాను దేశపు దూరదర్శన కళాకారిణి తెత్సుకో కురొయానగి 1981లో ప్రకటించిన ‘తొత్తోచాన్’కు ఇది తెలుగు రూపం. మొదటి తరగతిలోనే అల్లరి భరించలేమని ఒక బడి ఆ చిన్నపిల్లను పంపివేసింది. టోక్యోలోని మరొక బడి చేర్చుకొన్నది. పాత రైలు పెట్టెలే అక్కడ తరగతి గదులు. చేరిన మొదటి రోజున ప్రధానోపాధ్యాయుడు కొబాయాషిగారు ఆ పిల్ల చెప్పిన మాటలన్నీ నాలుగు గంటలపాటు విన్నారు. అడ్డుపడలేదు, ఆవులించలేదు. ఏ పాఠాన్ని ముందు చదవాలో పిల్లలే నిర్ణయించుకొనేవారు. పొట్టి కాళ్ళ పిల్లవాడొకడు బహుమతులన్నీ గెలుచుకొనేటట్లు ఆటలను కల్పించిన గురువు ఆయన. 1937లో మొదలైన ఆ పాఠశాల 1945లో బాంబుల వర్షానికి తగులబడిపోయింది. మంటలను చూస్తూ నిలుచున్న ఆయన, ఈసారి ఎట్లాంటి బడి కడదామని తన కుమారుని అడిగారు.

ఈ పుస్తకాన్ని ఉపాధ్యాయులకు చూపితే సాధారణంగా వచ్చే ఆక్షేపణ ఒకటున్నది. ఆ బడిలో ఉన్నదే యాభై మంది పిల్లలు. మా ఒక్క తరగతిలోనే అంతకు మించి ఉన్నారు. ఇవన్నీ ఇక్కడ సాగుతాయా అంటారు. ఆక్షేపణలో న్యాయమున్నది. రైలు పెట్టెలు మనం తేలేము, పాఠాల వరుసను పిల్లలకు వదలలేము. అయినా నాలుగు గంటలు వినలేనివాడు నాలుగు నిమిషాలు వినగలడు. తాను చెప్పేది ఒక పెద్దవాడు శ్రద్ధగా విన్నాడన్న అనుభవమే ఆ బాలికకు జీవితాంతం గుర్తుండిపోయింది. గైడులో లేనిది, ‘రైలుబడి’లో ఉన్నది ఇదొక్కటే: పిల్లకు ఒక అభిప్రాయముంటుందన్న నమ్మకం.

ఏడు పుస్తకాలను కలిపి చదివిన తరువాత నాకు తేలిన సారాంశం ఇది. అభిప్రాయం ఆకాశం నుంచి ఊడిపడదు. పోలిక నుంచి పుడుతుంది. ఒకే జాతి పుస్తకాలు చదివేవానికి పోల్చడానికి రెండవ వస్తువు ఉండదు. పల్లకీ పక్కన గబ్బిలాన్ని పెట్టినప్పుడు, కావ్యం పక్కన నిఘంటువును పెట్టినప్పుడు, గిరీశం పక్కన కొబాయాషిగారిని కూర్చోబెట్టినప్పుడు చదువరి మనస్సు త్రాసులా కదులుతుంది. ఆ కదలికే చదువు.

దీనికి ధనం అడ్డమనడం పూర్తిగా నిజం కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్నీ, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనాన్నీ స్థాపించినవారు మనకంటె అనుకూలమైన రోజులలో లేరు. మన బడి బీరువాలో తాళం వెనుక ఉన్న పాతిక పుస్తకాలతోనైనా పని మొదలు పెట్టవచ్చు. మాసానికి ఒక్క పీరియడును కేటాయించి, ప్రతి విద్యార్థినీ రెండు భిన్న జాతుల పుస్తకాలను చదివి రమ్మనాలి. కథాసంగ్రహం అడగకూడదు. ఏది నచ్చింది, ఎందుకు నచ్చింది, ఒకటి చదవడం వల్ల రెండవది ఏ విధంగా మారి కనిపించింది అన్న మూడు ప్రశ్నలు చాలు. ఆ పీరియడులో ఉపాధ్యాయుడు కూడా తాను ఆ మాసం చదివిన పుస్తకాన్ని గురించి చెప్పాలి. చదవని గురువు చదవమని చెప్పే మాటకు బరువుండదు.

ఒక విద్యార్థి లేచి నిలబడి, ‘ఈ పద్యం నాకు నచ్చలేదండీ, కారణమిది’ అని వినయంగా, నిర్భయంగా చెప్పినప్పుడు ఉపాధ్యాయుడు కోపగించకుండా ఆ కారణాన్ని పరిశీలించగలిగితే, ఆ తరగతిలో సాహిత్యబోధ జరుగుతున్నదని నిశ్చయంగా చెప్పవచ్చు.